ప్రిన్స్ ‘కిస్’ పాట: బేస్ లేకుండా స్టేజీ మీద నిలబడుతుందా? ఏ వెర్షన్ పట్టుకోవాలి?

పాలకొల్లు కీస్

నమస్కారం అండి. భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్ ఒప్పుకున్నాం. మూడు గంటల ప్రోగ్రాం, అన్నీ సినిమా పాటలే. మధ్యలో ఒక్క ఇంగ్లీషు పాట కావాలన్నారు, అదే ‘కిస్’. వింటుంటే ఏముంది ఇందులో అనిపిస్తుంది. వాయించబోతే ఏదీ పట్టు చిక్కట్లేదు.

మా దగ్గర ఉన్నది: రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 కీబోర్డు, ఒక యమహా కీబోర్డు, ఎస్‌పీడీ-20 డ్రమ్ ప్యాడ్, డ్రమ్ కిట్, ఎలక్ట్రిక్ గిటార్, ఒక పికప్ ఉన్న అకౌస్టిక్ గిటార్, బేస్, మేల్ సింగర్, ఫిమేల్ సింగర్. మిక్సర్ ఎక్స్‌ఆర్18. ఓపెన్ గ్రౌండ్, నాలుగు డబుల్ 18 సబ్‌లు (కింది శబ్దాలిచ్చే పెద్ద బాక్సులు).

అడగాల్సినవి ఇవండి. అసలు పాట ఎవరిది? టామ్ జోన్స్‌ది అని ఒకరు, ప్రిన్స్‌ది అని ఒకరు, మజరాటీ అనే బ్యాండుది అని ఇంకొకరు. రికార్డులో బేస్ గిటార్ వినపడట్లేదు, మరి మా బేస్ ప్లేయర్ ఏం చెయ్యాలి? వెనకాల తరిగినట్టు తెగి తెగి వచ్చే గిటార్‌ని చేత్తో వాయిస్తే ఆ పదును రావట్లేదు. సింగర్‌కి అంత పై గొంతు లేదు. ఇంకోటి, పల్లవి తెలుగులో రాసి యూట్యూబ్‌లో పెడదామని కుర్రాళ్ళ సరదా. పెట్టొచ్చా?

అత్తిలి వినైల్

ముగ్గురు చెప్పిందీ ఎంతో కొంత నిజమే. వరస చెప్తాను, ఎందుకంటే మీ వాయింపు సమస్యలన్నిటికీ జవాబు ఆ వరసలోనే ఉంది.

1985లో లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో మజరాటీ బ్యాండు ఆల్బం చేసుకుంటోంది. అమెరికన్ గాయకుడు ప్రిన్స్ బ్యాండు రెవల్యూషన్‌లో బేస్ వాయించే బ్రౌన్ మార్క్ కట్టిన బ్యాండు అది. ప్రొడ్యూసర్ డేవిడ్ జీ. ఒక పాట ఇమ్మని ప్రిన్స్‌ని అడిగితే, అకౌస్టిక్ గిటార్ మీద నిమిషం పాటు పాడిన డెమో ఇచ్చాడు. ఒక చరణం, ఒక పల్లవి, అంతే. డేవిడ్ జీ ఆ ముక్క తీసుకుని రాత్రికి రాత్రే లిన్ డ్రమ్ మిషన్ మీద దరువు కట్టాడు. హైహ్యాట్‌ని (డ్రమ్స్‌లోని జంట తాళాల శబ్దాన్ని) డిలే యూనిట్‌లోంచి, అంటే శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్ళీ వినిపించే పెట్టెలోంచి, పోనిచ్చాడు. అకౌస్టిక్ గిటార్ మీద ఓపెన్ కార్డులు వాయించి, ఆ గిటార్‌కి నాయిస్ గేట్ వేసి, గేట్ తాళంచెవి హైహ్యాట్ చేతికిచ్చాడు. హైహ్యాట్ మోగినప్పుడే గిటార్ బయటికి వస్తుంది, లేకపోతే నోరు మూసుకుంటుంది. మీరు చేత్తో వాయించబోయింది ఇదే. అది చేతి పని కాదు కాబట్టే రావట్లేదు.

మర్నాటికి ప్రిన్స్ ఆ టేపు విని పాట వెనక్కి తీసేసుకున్నాడు. మజరాటీ సింగర్ కింది స్థాయిలో పాడిన చోట తను ఫాల్సెట్టోలో (దొంగ గొంతుతో పై స్థాయిలో) పాడాడు. జేమ్స్ బ్రౌన్ బాణీలో ఎలక్ట్రిక్ గిటార్ కలిపాడు. బేస్ తీసేశాడు. వెనక పాడిన మజరాటీ గొంతులు మాత్రం ఉంచాడు, వాళ్ళ పేరూ వేశాడు. తెచ్చుకున్న పాట పోయి కోరస్ మిగిలింది పాపం వాళ్ళకి. బదులుగా ‘100 ఎంపీహెచ్’ అనే పాట ఇచ్చాడు.

మొత్తం తొమ్మిది ట్రాకులు. రివర్బ్ (గది మోతలాంటి శబ్దం) దాదాపు లేదు. వార్నర్ కంపెనీ వాళ్ళు విని, ఇది డెమోలా ఉంది, బేస్ ఏది అన్నారు. అయినా 1986 ఫిబ్రవరిలో సింగిల్‌గా వచ్చింది, ఏప్రిల్‌లో అమెరికా హాట్ 100లో మొదటి స్థానానికి ఎక్కి రెండు వారాలు కూర్చుంది. అప్పుడు రెండో స్థానంలో ఆగిపోయింది బ్యాంగిల్స్ వాళ్ళ ‘మానిక్ మండే’. అదీ ప్రిన్స్ మారుపేరుతో రాసిందే. తన పాటకి తన పాటే అడ్డం. మరుసటి ఏడు గ్రామీ కూడా వచ్చింది.

ఇక కవర్లు. 1986లోనే ఇంగ్లండు లీడ్స్‌కి చెందిన ఏజ్ ఆఫ్ ఛాన్స్ వాళ్ళు ఇనుము మీద సుత్తి దెబ్బల్లాంటి శబ్దంతో చేశారు. 1988లో ఆర్ట్ ఆఫ్ నాయిస్ వాళ్ళు టామ్ జోన్స్‌తో పాడించారు. మీ వాళ్ళు విన్నది అదే, అదే పెద్ద హిట్టు. 2006లో ‘హ్యాపీ ఫీట్’ యానిమేషన్ సినిమాలో నికోల్ కిడ్‌మన్, హ్యూ జాక్‌మన్ పాడారు. మాటలు మార్చడానికి ప్రిన్స్ మొదట ఒప్పుకోలేదు, సినిమా చూశాక ఒప్పుకుని పైగా ఇంకో కొత్త పాట రాసిచ్చాడు. దానికి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. 2011లో ‘గ్లీ’ సీరియల్లో టాంగో మోతాదు కలిపి జంటగా పాడించారు. రిచర్డ్ థాంప్సన్ లాంటి జానపద గిటారిస్టు కూడా పట్టుకున్నాడు.

వీటన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి వినండి. నిలబడిన కవర్లన్నీ ప్రిన్స్ ఖాళీగా వదిలిన చోట ఏం పెట్టాలో ముందే తేల్చుకున్నాయి. ఆర్ట్ ఆఫ్ నాయిస్ ఆ ఖాళీలో బ్రాస్ గుద్దులు, తమ పాత పాటల ముక్కలు, ‘పీటర్ గన్’ ట్యూన్ పెట్టారు. ఏమీ తేల్చుకోకుండా అన్నీ నింపేసిన బార్ బ్యాండు వెర్షన్లు ఎక్కడివక్కడే పోయాయి.

లంకల బేస్

టామ్ జోన్స్‌ది పెద్ద హిట్టంటే ఒక మాట. ఇంగ్లండులో ఐదో స్థానం, అక్కడ ప్రిన్స్‌ది ఆరు. అమెరికాలో మాత్రం టామ్ జోన్స్‌ది 31 దగ్గరే ఆగింది. కాబట్టి ఎవరిది పెద్దది అన్నది ఏ ఒడ్డున నిలబడి అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి.

బేస్ సంగతి. తీసేసింది సింగిల్‌లో. పన్నెండంగుళాల రికార్డు మీద వచ్చిన ఎక్స్‌టెండెడ్ వెర్షన్ ఏడు నిమిషాలు దాటి ఉంటుంది, అందులో బేస్ గిటార్ చక్కగా ఉంది. కాబట్టి బేస్ పెడితే పాపం ఏమీ లేదండి. కాలేజీ గ్రౌండ్‌లో, అంతకు ముందు పాటలో సబ్‌లు గుండెల మీద గుద్దిన జనానికి, ఒక్కసారి కింద ఖాళీ అయితే సిస్టం పోయిందనుకుంటారు. నా ఓటు మొదటి చరణం నుంచే బేస్‌కి.

రావులపాలెం సౌండ్

ఆ ఓటుకి నేను ఒప్పుకోనండి. మొదటి నుంచీ బేస్ పెడితే అది ఏ బ్లూస్ పాటైనా కావచ్చు. రికార్డులో కింద ఏమీ లేదనుకోవడం కూడా తప్పే. కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌కి) రివర్స్ రివర్బ్ తోక ఉంది, ఆ తోకే బేస్ పని చేస్తోంది. మీరూ అదే చెయ్యండి.

ఎక్స్‌పీఎస్-10లో 808 రకం కిక్ (పాత డ్రమ్ మిషన్‌లోని తోక పొడుగు కిక్) తీసుకుని 55 హెర్ట్జ్‌కి ట్యూన్ చెయ్యండి. పాట స్కేల్ ‘ఏ’ (A), మన లెక్కలో ఆరు శ్రుతి. 55 హెర్ట్జ్ అంటే ఆ ‘ఏ’ స్వరమే. తోక పొడవు 200 మిల్లీసెకన్లు దాటనివ్వకండి. ఎందుకంటే పాట ఏ-సెవెన్ మీద ఉన్నంతసేపూ అది షడ్జమం, డి-సెవెన్‌కి వెళ్తే పంచమం, రెండూ కలుస్తాయి. పల్లవిలో ఇ-సెవెన్ వచ్చినప్పుడు మాత్రం అది మధ్యమం అవుతుంది. పొడుగ్గా మోగితే అక్కడ గొంతుకీ కిక్‌కీ పడదు. పొట్టిగా ఉంటే చెవి దాన్ని దరువుగానే తీసుకుంటుంది.

నాలుగు సబ్‌లనీ రెండు పక్కలా విడగొట్టకండి. 55 హెర్ట్జ్ తరంగం ఆరు మీటర్ల పైచిలుకు ఉంటుంది. పది పన్నెండు మీటర్ల ఎడంలో పెడితే గ్రౌండ్‌లో కొన్ని వరసల్లో గుద్దు, కొన్ని వరసల్లో సున్నా. మామూలు పాటల్లో బేస్ లైన్ స్వరాలు మారుతుంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ఇక్కడ కింద ఉన్నది ఒకే ఒక్క స్వరం, సున్నా పడిన చోట కూర్చున్నవాడికి పాట మొత్తం అలాగే ఉంటుంది. నాలుగూ స్టేజీ మధ్యలో ఒకదాని పక్కన ఒకటి ఆనించి పెట్టేయండి.

ఇక ఆ తరిగిన గిటార్. ఎక్స్‌ఆర్18లో ప్రతి ఛానల్ గేట్‌కీ కీ సోర్స్ అని ఉంటుంది, అంటే ఏ శబ్దం వస్తే ఆ గేట్ తెరుచుకోవాలో చెప్పేది. అకౌస్టిక్ గిటార్ ఛానల్ గేట్ తెరిచి, కీ సోర్స్ దగ్గర హైహ్యాట్ వచ్చే ఛానల్ పెట్టండి. రేంజ్ పూర్తిగా 60 డెసిబెల్, అటాక్ 1 మిల్లీసెకను లోపల, హోల్డ్ (తెరిచి ఉంచే సమయం) 40, రిలీజ్ (మూసుకునే సమయం) 60. ఈ అంకెలకి లెక్క ఉంది: టెంపో 112 అయితే పదహారో భాగం 134 మిల్లీసెకన్లు. హోల్డ్, రిలీజ్ కలిపి దానికి బాగా లోపల ఉండాలి. దాటితే ఒక దెబ్బ మూసుకోకుండానే ఇంకో దెబ్బ వచ్చి పడుతుంది, గిటార్ ఎక్కడా తెగదు, మామూలు స్ట్రమ్మింగ్‌లా వినపడుతుంది.

గిటార్ వాయించేవాళ్ళు దరువు వెయ్యకూడదు. ఇది చాలామంది చేసే పొరపాటు. కార్డు నిండుగా వాయించి మోగనివ్వాలి, బార్‌కి ఒకటో రెండో దెబ్బలు. తెగగొట్టే పని గేట్‌ది. చెయ్యీ దరువేసి గేటూ దరువేస్తే రెండూ కొట్టుకుని గజిబిజి అవుతుంది.

పాలకొల్లు కీస్

వెంటనే పెట్టి చూశాం అండి. డ్రమ్ కిట్ హైహ్యాట్‌కి పెట్టిన మైకునే కీ సోర్స్‌గా ఇచ్చాం. సౌండ్ దొరికింది, కానీ స్నేర్ పడినప్పుడల్లా గేట్ తెరుచుకుంటోంది. ఇంకోటి, జనరేటర్ మీద నడిపితే గేట్ తెరుచుకున్న ప్రతిసారీ గుర్, గుర్ అని హమ్ ముక్కలు ముక్కలుగా వస్తోంది.

రావులపాలెం సౌండ్

మైకులో స్నేర్ కలవక మానదు. కీ ఫిల్టర్‌ని (గేట్ పై శబ్దాలనే వినేలా చేసేదాన్ని) పైకి జరిపితే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, స్నేర్ తీగల శబ్దం కూడా పైనే ఉంటుంది కదా. మైకు మానేయండి.

ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో రెండు బార్ల హైహ్యాట్ లూప్ చేసుకోండి. పదహారో భాగాల మీద, కొన్ని దెబ్బలు గట్టిగా, కొన్ని వదిలేసి. దాని మీద డిలే 402 మిల్లీసెకన్లు, అంటే మూడు పదహారో భాగాలు, ఒక్క రిపీట్ చాలు. డేవిడ్ జీ డిలేకి ముందు శబ్దం, వెనక శబ్దం రెండిటి మధ్యా మార్చుతూ కట్టాడు. మీరు కొన్ని బీట్లకి అసలు దెబ్బ తీసేసి డిలే మాత్రం ఉంచితే ఆ కుంటినడక వస్తుంది. 112 మీద రెండు బార్లంటే 4.286 సెకన్లు, సరిగ్గా అక్కడే కొయ్యండి. వేవ్ ఫైలుగానే దాచండి. ఎంపీ3 చేస్తే ఫైలు మొదట్లో, చివర్లో చిన్న ఖాళీ చేరుతుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ దరువు జారుతుంది.

లాప్‌టాప్ నుంచి ఎడమ వైపు ఆ లూప్, కుడి వైపు క్లిక్ (టెంపో చెప్పే టిక్ టిక్). లూప్ ఛానల్‌ని కీ సోర్స్ చెయ్యండి. దాని ఫేడర్ దించేసినా గేట్‌కి సిగ్నల్ అందుతుంది. క్లిక్ డ్రమ్మర్ చెవిలోకి మాత్రమే. డ్రమ్మర్ క్లిక్ వదిలేసి పరిగెత్తితే గిటార్ ఒకవైపు, కిట్ ఒకవైపు పోతాయి, దానికి మందు లేదు.

హమ్ గేట్ తప్పు కాదు. ఎప్పుడూ ఉండేదే, గేట్ దాన్ని ముక్కలు చేసి చూపిస్తోంది. గిటార్‌ని డీఐ బాక్సులోంచి (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) తెచ్చి గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అప్పటికీ ఉంటే లాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి, నాలుగు నిమిషాల పాటకి బ్యాటరీ చాలు. జనరేటర్ ఎర్త్ రాడ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పీకొద్దు. హమ్ పోతుంది, మనిషీ పోవచ్చు.

ఒకవేళ వానొచ్చి ప్రోగ్రాం ఆడిటోరియంలోకి మారితే లెక్క మారుతుంది. సిమెంటు గోడల హాల్లో గేట్ తెంపిన ముక్కల్ని హాలే మళ్ళీ అతికించేస్తుంది. అప్పుడు గిటార్‌లో 250 హెర్ట్జ్ కింద అంతా కోసేసి, లూప్‌లో దెబ్బలు సగానికి తగ్గించండి. గొంతుకి రివర్బ్ ఒక్క చుక్క కూడా వద్దు, హాలు ఇచ్చేదే ఎక్కువ.

నరసాపురం గమకం

గొంతు గురించి ఎవరూ చెప్పలేదు. మీ దగ్గర ఫిమేల్ సింగర్ ఉన్నప్పుడు ఆలోచన దేనికండి? ప్రిన్స్ ఫాల్సెట్టోలో పాడిన స్థాయి ఆడగొంతుకి మామూలు స్థాయి. అదే ‘ఏ’ స్కేల్‌లో, ఉన్నది ఉన్నట్టుగా పాడేయొచ్చు. మేల్ సింగర్ ఒక స్థాయి కింద పాడాలి. మజరాటీ మొదట పాడింది అలాగే. మొదటి చరణం మేల్, రెండోది ఫిమేల్, పల్లవి ఇద్దరూ స్థాయి తేడాతో.

కిందికి దిగితే చరణం మరీ పడుకుంటుంది అనుకుంటే స్కేల్ పెంచి ‘సి’ (C) చెయ్యండి. గిటార్‌కి మూడో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) వేస్తే పట్టుకునే కార్డులు అవే. కిక్ మాత్రం 65.4 హెర్ట్జ్‌కి మార్చుకోవాలి, మర్చిపోతారు. ముందు పల్లవి గట్టిగా పాడించి చూసి స్కేల్ తేల్చండి. చరణంతో తేల్చుకుంటే పల్లవిలో గొంతు చీరుకుపోతుంది.

మేల్ సింగరే ఫాల్సెట్టో పాడతానంటే ఒక జాగ్రత్త. ఫాల్సెట్టోలో గొంతు బలం సగం కూడా ఉండదు, సౌండ్ వాళ్ళు గెయిన్ పెంచుతారు, మానిటర్ కూయడం మొదలెడుతుంది. పెదవి మైకుకి ఆనించి పాడించండి. కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దేది) నాలుగుకి ఒకటి, అంతకు మించొద్దు.

నడక కూడా రాసుకోండి. ఇది సాగదీసిన బ్లూస్. చరణం ఏ-సెవెన్ మీద ఎనిమిది బార్లు, డి-సెవెన్ నాలుగు, మళ్ళీ ఏ-సెవెన్ నాలుగు. పల్లవి ఇ-సెవెన్ రెండు, డి-సెవెన్ రెండు, ఇదే ఇంకోసారి, ఆ తర్వాత ‘ఏ’ మీదకి పడ్డప్పుడు ఆ ముద్దు మాట. అక్కడ ఎలక్ట్రిక్ గిటార్ లిక్ తప్ప ఎవరూ చెయ్యి కదపకూడదు. కీబోర్డులో స్ట్రింగ్స్ ప్యాడ్ వేసే అలవాటు మన ఆర్కెస్ట్రాలకి ఉంది చూశారూ, ఈ పాటకి అదే విషం.

అమలాపురం దస్తావేజు

తెలుగు పల్లవి, యూట్యూబ్ సంగతి.

కాపీరైట్ చట్టం 1957కి 2012లో చేర్చిన 31సి సెక్షన్ కింద, మొదటి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు దాటితే కవర్ రికార్డింగ్ చేసుకోవచ్చు. ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి, అదీ ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన. కవర్ అని స్పష్టంగా రాయాలి. 1986 పాటకి గడువు ఎప్పుడో తీరింది. కానీ అదే సెక్షన్‌లో, హక్కుదారు ఇంతకు ముందు ఒప్పుకోని మార్పు గానీ, సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పు గానీ చెయ్యకూడదని ఉంది. తెలుగులో పల్లవి రాయడం ఆ గీత దాటినట్టే. దానికి హక్కుదారుల దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. పైగా ఆ సెక్షన్ సౌండ్ రికార్డింగ్‌కి, వీడియోకి కాదు. యూట్యూబ్‌లో ఇంగ్లీషులోనే పాడి పెట్టినా కంటెంట్ ఐడీ (పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు) పట్టుకుంటే డబ్బు హక్కుదారుకి పోవచ్చు, వీడియో ఆగిపోవచ్చు కూడా.

స్టేజీ మీద పాడటం వేరే సంగతి. పెళ్ళి వేడుకల్లో పాడితే సెక్షన్ 52లో మినహాయింపు ఉంది. విద్యాసంస్థలకీ ఒక మినహాయింపు ఉంది కానీ అది అక్కడి సిబ్బంది, విద్యార్థులు పాడి, అక్కడివాళ్ళూ తల్లిదండ్రులూ వింటే. డబ్బిచ్చి పిలిపించిన ఆర్కెస్ట్రా అందులో ఇమడదు. రాసినవాళ్ళ, స్వరపరిచినవాళ్ళ తరఫున లైసెన్సు ఇచ్చేది ఐపీఆర్ఎస్. అది నిర్వాహకులు తీసుకోవాలి, అగ్రిమెంటులో ఆ ఒక్క వాక్యం రాయించుకోండి. రికార్డు వెయ్యకుండా మీరే వాయిస్తున్నారు కాబట్టి సౌండ్ రికార్డింగ్ లైసెన్సు ఈ పాట వరకు అక్కర్లేదు.

లంకల బేస్

సరే, నా ఓటు సగం వెనక్కి తీసుకుంటున్నా. ఇలా చెయ్యండి. మీ బేస్ ప్లేయర్‌కి పాట మొదట్లో అకౌస్టిక్ గిటార్ ఇవ్వండి. గేట్‌లోకి వెళ్ళే ఓపెన్ కార్డులు మూడే కదా, ఏ, డి, ఇ. దరువు వెయ్యాలన్న చాపల్యం గిటారిస్టుకి ఉంటుంది, బేస్ వాయించేవాళ్ళకి తక్కువ. బేస్‌ని భుజానికే వీపు వైపు తిప్పి ఉంచి, రెండో పల్లవి అయ్యాక అకౌస్టిక్‌ని స్టాండులో పెట్టేసి, ఎక్స్‌టెండెడ్ వెర్షన్ లెక్కన చివరి నాలుగు చుట్లకి బేస్‌తో దిగమనండి. అప్పటికి జనం చెవి ఖాళీకి అలవాటు పడి ఉంటుంది కాబట్టి ఆ దిగడం తెలుస్తుంది. బేస్ దిగే బార్‌లో 808 కిక్ తోక తీసేసి పొట్టి కిక్‌కి మారాలి, లేకపోతే కింద రెండూ కొట్టుకుంటాయి. ఆ మార్పు ఎవరు నొక్కాలో ముందే అనుకోండి.

పాలకొల్లు కీస్

ఇది కుదిరేలా ఉందండి. బేస్ అతను కూడా సరేనన్నాడు. కిక్ మార్పు నేనే నొక్కుతాను, ఆ నాలుగు చుట్లలో కీబోర్డుకి ఎలాగూ పని లేదు. అకౌస్టిక్‌కి పికప్ బదులు మైకు పెడితే ఇంకా సహజంగా ఉంటుందా?

రావులపాలెం సౌండ్

వద్దు. మైకు పెడితే గేట్ తెరుచుకున్న ప్రతిసారీ గిటార్‌తో పాటు పక్కనున్న డ్రమ్స్ కూడా ముక్కలుగా లోపలికొస్తాయి. పికప్పే ఉంచండి, గేట్ తర్వాత అందులో సహజమో కాదో ఎవరికీ తెలియదు. సౌండ్ చెక్ అయ్యాక మాత్రం గిటార్‌కి జాక్ గుచ్చి వదిలెయ్యకండి. జాక్ ఉన్నంతసేపూ లోపలి ప్రీ-ఆంప్ ఆన్‌లోనే ఉండి 9 వోల్టుల బ్యాటరీ తినేస్తుంది. బ్యాటరీ అప్పటికే అరిగినదైతే, మధ్యాహ్నం చెక్ చేసి రాత్రి పాట దాకా అలాగే ఉంచితే, సరిగ్గా మొదటి చరణంలో గిటార్ శబ్దం చిరిగినట్టు రావచ్చు. అప్పుడు అందరూ గేట్‌నే తిడతారు.